కువైట్‌లో తల్లి, రాజోలులో కూతురు: ఈ కథలో తప్పు ఎవరి మీద వేయాలి?

వైనతేయ తీరం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఒక నవలిక రాస్తున్నాను. రాజోలు దగ్గర ఒక లంక గ్రామం, పదకొండేళ్ల అమ్మాయి, ఆమెను పెంచుతున్న అమ్మమ్మ. తల్లి కువైట్‌లో ఒకరి ఇంట్లో పనికి కుదిరింది. తండ్రి ఊళ్లోనే ఉంటాడు. కొబ్బరి దింపు పనికి వెళతాడు, వెళ్లని రోజులే ఎక్కువ. మా కోనసీమ వాళ్లకు ఇలాంటి ఇల్లు ఎలా ఉంటుందో వర్ణించి చెప్పనక్కర్లేదు.

రాసినంత వరకు చదివిన స్నేహితులు దాదాపు ఒకే సలహా ఇచ్చారు. తల్లి పశ్చాత్తాపపడాలట, చివరి అధ్యాయంలో తిరిగి రావాలట, కూతురు ఆమెను క్షమించాలట. అప్పు తీర్చడానికి వెళ్లిన మనిషి దేనికి పశ్చాత్తాపపడాలి? అలాగని పిల్ల మీద ఏ ముద్రా పడలేదని రాస్తే అది అబద్ధం. ఈ రెండింటి మధ్య నా కలం ఆగిపోయింది.

పెద్దలను అడుగుతున్నాను. దూరమైపోయిన తల్లిదండ్రులను, దగ్గరే ఉండి పిల్లల బతుకు పాడుచేసిన తల్లిదండ్రులను మన సాహిత్యం ఎలా చూసింది? ఆ పిల్లలు పెరిగాక వారిలో అది ఏ రూపంలో బయటపడింది?

ధవళేశ్వరం పాఠకుడు

మన గడ్డ మీద పుట్టిన నవలతోనే మొదలుపెడదామమ్మా. వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము 1880లో పుస్తకంగా వచ్చింది. కథ మా ధవళేశ్వరంలోనే మొదలవుతుంది. రాజశేఖరుడు దుర్మార్గుడు కాడు. పొగడ్తకు లొంగిపోతాడు, చుట్టూ చేరినవారికి పెట్టి పెట్టి ఆస్తి కరగదీస్తాడు, మిగిలింది బంగారం చేసి ఇస్తానన్న బైరాగి చేతిలో పోస్తాడు. ఆ తెలివితక్కువతనం ఖరీదు చెల్లించినవాళ్లు పిల్లలు. దారిలో దొంగలు పడితే కూతురు రుక్మిణి చనిపోయిందనుకుని వదిలి వెళ్లారు. ఆ పిల్ల మగవేషం వేసుకుని బతికి బయటపడింది.

చివర అందరూ కలుస్తారు, పోయిన సొత్తు తిరిగి వస్తుంది. అంత జరిగినా నవల తండ్రికి బుద్ధి వచ్చిందని సంతోషిస్తుందే తప్ప, ఆ అడవిలో ఒంటరిగా మేలుకున్న కూతురి వైపు నుంచి లెక్క అడగదు. నూట నలభై ఏళ్ల కిందటి మాట కాబట్టి వారిని తప్పుపట్టను. మీరు మాత్రం ఆ లెక్క అడగాలి.

మండపేట రంగస్థలం

మాస్టారు తండ్రి తెలివితక్కువతనం గురించి చెప్పారు, నేను తండ్రి దురాశ గురించి చెబుతాను. మా బృందం కన్యాశుల్కం కొన్ని అంకాలు ఆడుతూ ఉంటుంది. అగ్నిహోత్రావధాన్లు నోరు తెరిస్తే జనం నవ్వుతారు. "తాంబూలాలిచ్చేశాను, ఇక తన్నుకు చావండి" అనగానే చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య పక్కన నిలబడి ఉన్న బుచ్చమ్మను ఎవరూ చూడరు. ఆమెను డబ్బుకు ముడిపెట్టి పెళ్లి చేశాడు, ఆమె విధవ అయింది, అది కళ్లముందే ఉండగా చిన్నపిల్ల సుబ్బిని లుబ్ధావధాన్లుకు అమ్మజూపుతున్నాడు. ఆపలేక తల్లి నూతిలో దూకింది.

బుచ్చమ్మ వేషం వేసే అమ్మాయికి నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను. ఆ ఇంట్లో ఆమెతో మనిషితో మాట్లాడినట్లు మాట్లాడిన మొదటి మగవాడు గిరీశం. వాడు మోసగాడని మనకు తెలుసు. ఆమెకు తెలిసే అవకాశం ఎక్కడ ఉంది? మంచి మాట ఎలా ఉంటుందో తండ్రి నోటి నుంచి ఒక్కసారైనా విని ఉంటే, దొంగ మాటను పోల్చుకోగలిగేది. గురజాడ ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పలేదు. ఆమెను గిరీశం వెంట నడిపించి చూపించారు. మీ నవలికలో కూడా తల్లి లేని లోటును కన్నీళ్లలో వెతకకండి. ఆ పిల్ల ఎవరి మాట నమ్ముతుందో, ఎవరి మాట నమ్మదో అక్కడ చూపండి.

గట్టు మీద రావిచెట్టు

భీమవరం నుంచి రాస్తున్నాను. అందరూ తల్లిని కాపాడే పనిలో ఉన్నట్లున్నారు. నేను పిల్ల పక్షాన నిలబడతాను. కారణం ఎంత గొప్పదైనా ఆమె వెళ్లింది, పిల్ల ఉండిపోయింది. మనం పేదరికం, అప్పు, ఏజెంట్లు అంటూ కారణాలు పేర్చేకొద్దీ ఆ పిల్లకు కోప్పడే హక్కు లేకుండా పోతుంది. "అమ్మ నీకోసమే వెళ్లింది" అన్న మాట ఎంత బరువో మోసినవాళ్లకే తెలుస్తుంది. దానికి ఎదురు చెప్పలేరు, దాని మీద అలగలేరు. రచయిత కూడా అదే మాట చెబితే ఇక ఆ పిల్ల ఎక్కడికి పోవాలి?

ఒక్క మాట అదనంగా. ఇంటర్ చదువుల పేరుతో పిల్లలను తెచ్చి హాస్టళ్లలో పడేసి, నెలకోసారి పచ్చళ్ల సీసాలతో వచ్చి వెళ్లే తల్లిదండ్రుల గురించి కూడా ఎవరైనా రాయాలి. వాళ్లకు కువైట్ కూడా అక్కర్లేదు.

తాళపత్రం

రావిచెట్టు గారు కోపం మాట ఎత్తారు కాబట్టి కర్ణుడి దగ్గరకు వెళదాం. ఉద్యోగపర్వంలో కుంతి వచ్చి నువ్వు నా కొడుకువని చెబుతుంది. కర్ణుడు ఆమె మొహం మీదే అంటాడు, పుట్టగానే వదిలేశావు, శత్రువు కూడా నాకు ఇంతకన్నా చేయగలిగిన కీడు లేదని. అంతకుముందు కృష్ణుడితో మాట్లాడినప్పుడు రాధ పేరు చెబుతాడు. తన మీద ప్రేమతో ఆమెకు పాలు చేపుకొచ్చాయని, తన మలమూత్రాలు ఎత్తిందని, ఆమె పిండం ఎగ్గొట్టలేనని. చూడండి, ఆ లేమి అతన్ని ఎలా తీర్చిందో. ఎవరు దగ్గరకు తీస్తే వారికి ప్రాణం ఇచ్చేస్తాడు. సుయోధనుడు అంగరాజ్యం ఇచ్చాడు, ఇక మంచిచెడ్డలు చూడలేదు. మండపేట వారు బుచ్చమ్మ గురించి చెప్పిందే ఇక్కడా ఉంది.

నన్ను ఎప్పటినుంచో వేధిస్తున్న సంగతి వేరే ఉంది. కర్ణుడి తండ్రి ఎక్కడ? సూర్యుడు కలలో కనిపించి, ఇంద్రుడు వస్తాడు కవచకుండలాలు ఇవ్వకు అని హెచ్చరిస్తాడు. కుంతి చెప్పింది నిజమేనని ఆకాశం నుంచి సాక్ష్యం ఇస్తాడు. అంతటితో ఆయన బాధ్యత తీరిపోయింది. ఆయనను ఎవరూ నిలదీయరు. యుద్ధం ముగిసి కుంతి రహస్యం బయటపెడితే ధర్మరాజు ఆగ్రహం ఆమె ఒక్కదానితో కూడా ఆగదు, స్త్రీజాతినే శపిస్తాడు.

మా రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయ రాసిన శకుంతల కథ కూడా తీసుకోండి. మేనక, విశ్వామిత్రుడు ఇద్దరూ వదిలేసిన పిల్ల శకుంతల. కణ్వుడు పెంచాడు. పెద్దయ్యాక తన కొడుకును తండ్రి కాదంటుంటే నిండు సభలో నిలబడి, నూరుగురు కొడుకుల కంటే ఒక్క సత్యవాక్యం మేలని దుష్యంతుడికి చెప్పింది. "నుతజలపూరితంబులగు" అన్న పద్యం బడిలో మనమంతా కంఠస్థం పట్టినదే. తనను వదిలేసినట్లు తన బిడ్డను వదలనివ్వనని ఆమె అక్కడ పోరాడుతోంది. పద్యం అప్పజెప్పించిన మాస్టార్లు ఈ సంగతి చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

లేసు అల్లిక

మాది నరసాపురం దగ్గర పల్లె. ఇక్కడ ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మీ నవలికలో పిల్లను నేనే అనుకోండి.

మా అమ్మ మస్కట్ వెళ్లినప్పుడు నేను నాలుగో తరగతి. అమ్మమ్మ లేసు కుట్టేది, ఆ దారం ఉండ పక్కనే నా పుస్తకాలు. ముద్ర ఎక్కడ పడింది అని అడిగారు కదా, నాకు తెలిసినంత చెబుతాను. నేను ఏదీ అడగడం మానేశాను. అడిగితే అమ్మమ్మ ఫోనులో చెబుతుంది, అమ్మ ఓవర్‌టైమ్ చేస్తుంది అని ఎలాగో లెక్క కట్టుకున్నాను. నోట్‌బుక్ అయిపోతే పాత వాటిలో మిగిలిన కాగితాలు చింపి కుట్టుకునేదాన్ని. అమ్మ ఫోనులో "అటక మీద ఎర్ర డబ్బాలో చూడు" అనేది. ఆ అటక తీసేసి స్లాబు వేయించి అప్పటికి చాలా కాలమైంది, ఆమె పంపిన డబ్బుతోనే. ఆ ఇల్లు ఇక లేదని చెప్పలేక "సరే అమ్మా" అనేదాన్ని. పెట్టె వచ్చిన రోజున నిడో పాలపొడి, టాంగ్, సబ్బులు, దుప్పట్లు. వీధి అంతా వచ్చి చూసేవారు. నాకు ఆ రోజంటే భయం. అందరూ నా మొహంలో సంతోషం వెతికేవారు.

ఇప్పుడు నాకు ఒక బాబు. వాడిని పక్కింటికి ఆడుకోవడానికి పంపాలన్నా ప్రాణం ఒప్పదు. బడికి ఫోను చేసి అన్నం తిన్నాడా అని అడుగుతాను. వాడికి విసుగు వస్తోంది, కనిపిస్తూనే ఉంది. లేని తల్లి కూతురు వదలని తల్లి అయింది. మీ కథ ఆ పిల్ల పెళ్లితో ఆగిపోతే సగమే చెప్పినట్లు.

ఇక రావిచెట్టు తమ్ముడికి. నా కోపం నాకు ఉంది, దాన్ని ఎవరూ తీసుకోలేదు. అది అమ్మ మీద మాత్రం కాదు. మా నాన్న ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ పంపిన డబ్బు బ్యాంకు నుంచి తెచ్చేది ఆయనే. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర పెట్టి వచ్చేదీ ఆయనే. జ్వరం వస్తే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది అమ్మమ్మ. అయినా ఊళ్లో పదిమందీ నన్ను చూసి అన్న మాట "పాపం, తల్లి వదిలేసి వెళ్లింది" అని. తండ్రి ఏం చేస్తున్నాడని ఒక్కరూ అడగలేదు.

వైనతేయ తీరం

అక్కా, మీరు రాసింది చదివాక చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. నా కథలో తండ్రి దాదాపు మాటల్లేని పాత్ర. అరుగు మీద కూర్చుని ఉంటాడు, ఎవరో పలకరిస్తే తలెత్తుతాడు. అతన్ని అక్కడినుంచి లేపి ఇంటి మధ్యకు తేవాలని ఇప్పుడు అనిపిస్తోంది.

ఏలూరు కాలువ

బుచ్చిబాబు మా ఏలూరులో 1916లో పుట్టారు, ఆ అభిమానంతో ఆయన నవల చివరకు మిగిలేది గురించి రెండు మాటలు. కథానాయకుడు దయానిధి తల్లి గురించి లోకం ఏదో అనుకుంటుంది. ఆ మాట కొడుకును ఎక్కడికి పోయినా వదలదు. పెళ్లిలో, వృత్తిలో, స్నేహాల్లో, ఆడవాళ్లతో అతని ప్రతి సంబంధంలో అది ముందుగా వచ్చి కూర్చుంటుంది. నేను మెచ్చేది ఏమిటంటే, రచయిత ఆ తల్లిని బోనులో నిలబెట్టడు. ఆమె తప్పు చేసిందా లేదా అని విచారణ జరపడు. కొడుకు అంత వివేకవంతుడై ఉండీ తల్లిని లోకం కళ్లతో చూడకుండా ఉండలేకపోవడమే ఆ నవల బాధ.

మీ పిల్లకు తల్లి గురించి తెలిసిందంతా ఎవరు చెప్పింది? అమ్మమ్మ చెప్పిన తల్లి ఒకరు, పక్కింటివాళ్లు చెప్పిన తల్లి ఒకరు, తండ్రి తాగి వచ్చి చెప్పే తల్లి మరొకరు. వీరందరి మధ్య పిల్ల తన తల్లిని తాను తయారు చేసుకోవాలి. పశ్చాత్తాపం సన్నివేశం కన్నా అది నాకు ఎక్కువ కావాలి.

ధవళేశ్వరం పాఠకుడు

పోలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారిని వదిలేసి ఈ చర్చ ముందుకు పోకూడదు. అరికాళ్ళక్రింద మంటలు అన్న కథ. బాలవితంతువైన కూతురు, నిండుగా జనం ఉన్న ఇల్లు. కన్నతల్లి కూడా ఆ పిల్లను చాకిరీకి పనికివచ్చే మనిషిగానే చూస్తుంది. ఒక్కరోజు కాదు, నిద్రలేచింది మొదలు పడుకునే వరకు పని, తిట్టు, పని. చివరికి ఆ పిల్ల రాత్రివేళ ఇల్లు వదిలి రాజమండ్రిలో పంతులుగారి తోటకు, అంటే వీరేశలింగం గారు వితంతువులకు ఆశ్రయమిచ్చిన చోటుకు బయలుదేరుతుంది.

తల్లిదండ్రులు కళ్లముందే ఉన్నారు, పిల్ల అనాథ. శాస్త్రిగారు ఆమెను ఏడుస్తూ కూర్చోబెట్టలేదు, బండి ఎక్కించి పంపారు. లేసు అల్లిక గారి తండ్రి సంగతి చదివినప్పుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చింది ఈ కథే.

గట్టు మీద రావిచెట్టు

అక్కా, మీ మాటలకు నమస్కారం. తండ్రిని అడగాలన్నది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. అయినా నా మొదటి మాట దగ్గరే ఉంటాను. తండ్రిని బోనులోకి తెచ్చామని తల్లిని నిర్దోషిగా విడుదల చేసే కథ నాకు వద్దు. కర్ణుడు అర్జునుడు తప్ప మిగతావారిని చంపనని కుంతికి మాట ఇచ్చాడు, నీకు ఎప్పటికీ ఐదుగురే కొడుకులన్నాడు. అంత ఉదారంగా మాట్లాడినా ఆమె వెంట వెళ్లలేదు కదా. మన సినిమాలూ సీరియళ్లూ అయితే అక్కడ ఇద్దరినీ కౌగిలించుకునేలా చేసి వాన కురిపిస్తాయి. వైనతేయ తీరం గారూ, కౌగిలింత వద్దు.

మండపేట రంగస్థలం

కౌగిలింత వద్దన్న మాటకు నా ఓటు. అయితే ఒక సందేహం. తల్లి రాసిన ఉత్తరంగానీ, మాట్లాడిన మాటగానీ నేరుగా కథలో ఉండాలా? పూర్తిగా కూతురి కళ్లతోనే చెబితే తల్లికి నోరు లేకుండా పోతుంది. చెప్పుకోవడానికి ఆమెకూ ఒక చోటు కావాలి.

పంటు రేవు

సఖినేటిపల్లి మాది. కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి వచ్చాను. సాహిత్యం గురించి మీకు చెప్పేంతవాడిని కాను, నాకు తెలిసిన సంగతులు మీ కథకు పనికివస్తాయేమో చూడండి.

ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. తప్పించి వేరే వీసాల మీద వెళ్లేవారూ ఉన్నారు, అలా వెళ్లినవారికి కష్టం వస్తే పట్టించుకునే నాథుడు ఉండడు. నిబంధన ప్రకారం వెళ్లిన తల్లికి పదకొండేళ్ల కూతురు అంటే వయసు సరిగ్గా సరిపోయింది. అకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి, యజమాని చేతిలో ఉంటుంది. ఇష్టం లేకపోతే మధ్యలో మానేసి వచ్చేయడం మనం అనుకున్నంత సులువు కాదు. "తిరిగి రావచ్చు కదా" అని అడిగేవాళ్ల కోసం ఈ మాట చెబుతున్నాను.

నేనూ పిల్లలను వదిలి వెళ్లినవాడినే. నా కొడుకు ఈనాటికీ ఏదైనా కావాలంటే వాడి మేనమామను అడుగుతాడు. సైకిలు తొక్కడం నేర్పింది ఆయన, పదో తరగతి ఫలితాలు చూసింది ఆయన. అందుకు బాధ ఉంది కానీ ఆయన మీద కోపం లేదు. నేను సెలవు మీద వచ్చినప్పుడు ఊరంతా "పిల్లల కోసం ఎంత కష్టపడుతున్నాడో" అన్నారు. అదే విమానంలో దిగిన మా వీధి ఆవిడను "పిల్లలను వదిలి ఎలా ఉండగలిగావమ్మా" అని అడిగారు. ఇద్దరం ఒకే ఊరి నుంచి ఒకే పనికి, ఒకరి ఇంట్లో చాకిరీకి వెళ్లాం. తాళపత్రం గారు సూర్యుడి గురించి రాసింది చదివితే ఆవిడే గుర్తుకు వచ్చింది.

తాళపత్రం

పంటు రేవు గారూ, మీ మేనమామ మాటతో మరో సంగతి తట్టింది. ప్రహ్లాదుడిని చంపబోయినవాడు తండ్రి, నిలబెట్టింది నారదుడు గర్భంలో ఉండగా చెప్పిన మాట. శకుంతలకు కణ్వుడు, కర్ణుడికి రాధ. లేనివారి గురించి మాత్రమే రాస్తే కథ సగం ఖాళీగా ఉంటుంది. వైనతేయ తీరం గారి అమ్మమ్మ ఎలాంటి మనిషో ఇంతవరకు ఒక్క మాట కూడా వినలేదు. ఆవిడకు కూతురి మీద కోపం ఉందా? మనవరాలిని పెంచుతూ కూతురిని తప్పుగా పెంచానని అనుకుంటోందా? ఆ అల్లుడిని తెచ్చింది ఎవరు?

వైనతేయ తీరం

అల్లుడిని తెచ్చింది అమ్మమ్మే. ఇంతవరకు అది రాయలేదు, ఇప్పుడు రాస్తాను. మండపేట వారి ప్రశ్నకు జవాబుగా ప్రస్తుతం ఉన్న సన్నివేశం కొంచెం పెడుతున్నాను, నిర్మొహమాటంగా చెప్పండి.

"రాత్రి ఎనిమిది కొట్టగానే ఐమో మోగింది. అమ్మాయి పుస్తకం పక్కన పెట్టి ఫోను అందుకుంది. తెర మీద అమ్మ మొహం, వెనక తెల్లటి గోడ. 'తిన్నావా?' 'తిన్నాను.' 'ఏం కూర?' చేపల పులుసని చెబితే అమ్మ దిగులుపడుతుందని 'పప్పు' అంది. అమ్మమ్మ పొయ్యి దగ్గరినుంచి ఒకసారి ఇటు చూసి, ఏమీ అనకుండా గిన్నె మీద మూత పెట్టింది."

లేసు అల్లిక

చేపల పులుసు దాచిన పిల్ల నాకు బాగా తెలుసు. ఆ వాక్యం మార్చకండి.

పంటు రేవు

సన్నివేశం బాగుంది, సమయం కుదరదు. అక్కడికి మనకు రెండున్నర గంటల తేడా. మనకు రాత్రి ఎనిమిది అంటే వాళ్లకు సాయంత్రం ఐదున్నర. ఆ వేళ ఇంటిపని చేసే మనిషికి ఊపిరి తీసుకోవడానికి కూడా తీరిక ఉండదు, పైగా చాలా ఇళ్లలో పనివేళల్లో ఫోను ముట్టుకోనివ్వరు. వాళ్ల భోజనాలు అయ్యి, గిన్నెలు కడిగి, పిల్లలను పడుకోబెట్టి తన గదికి వచ్చేసరికి పదకొండు దాటుతుంది. అంటే మనకు అర్ధరాత్రి ఒకటిన్నర. మా ఇంట్లో అయినా ఎదురింట్లో అయినా ఆ వేళ ఫోను ఎత్తేది పెద్దవాళ్లే. పిల్లలతో మాట సెలవు దొరికిన రోజునే.

ఏలూరు కాలువ

అయితే ఇది మీకు వరం. తల్లి రోజూ మాట్లాడేది కూతురితో కాదు, తన తల్లితో. మండపేట వారు అడిగిన నోరు ఆమెకు అక్కడ దొరుకుతుంది. పడుకున్న మనవరాలు వింటోందో లేదో ఇద్దరికీ తెలియదు. అమ్మమ్మ మాటలు వినిపిస్తాయి, అవతలి మాటలు సగమే వినిపిస్తాయి. మిగతా సగం పిల్ల తన ఊహతో పూరిస్తుంది, కొన్నిసార్లు తప్పుగా.

గట్టు మీద రావిచెట్టు

తప్పుగా పూరించుకున్న ఒక మాట వల్ల ఆ పిల్ల ఏళ్ల తరబడి కోపంగా ఉండాలి. అది నా కోరిక.

వైనతేయ తీరం

ఉంటుంది. ఆ మాట ఏమిటో కూడా దొరికింది. తల్లి "ఇంకో రెండేళ్లు ఉండిపోతాను" అంటుంది. ఎందుకు ఉండిపోతోందో అమ్మమ్మ ఒక్కదానికే చెబుతుంది, పిల్లకు వినిపించదు. చేపల పులుసు సన్నివేశాన్ని ఒక శుక్రవారానికి మార్చి, ఈ అర్ధరాత్రి ఫోనుతో కొత్త అధ్యాయం రాసి ఇక్కడే పెడతాను.

ఇంకా తేలనిది ఒకటి ఉంది. ఇల్లు ఒకటే గది. తండ్రి మంచం కూడా అక్కడే ఉంటుంది, ఒకటిన్నరకు అతనూ మెలకువగానే ఉండవచ్చు. తన భార్య ఎందుకు ఆగిపోతోందో అతను కూడా వింటే మర్నాడు పొద్దున ఏం చేస్తాడు? లేసు అల్లిక అక్కా, ఈ ఒక్కటి మీరు చెబితే రాయగలను.

లేసు అల్లిక

మా నాన్న అయితే విననట్లు లేచి, చొక్కా వేసుకుని, టీ కొట్టు దగ్గరకు వెళ్లిపోయేవాడు. మీ వాడు వెళ్లకూడదు. అమ్మమ్మ అతన్ని గుమ్మం దగ్గరే ఆపి, విన్నావు కదా అని అడగాలి.